హైదరాబాద్ పడమటి విస్తరణ: ఇళ్ల అనుమతులు, మౌలిక సదుపాయాలు, ప్రజాప్రతినిధుల పరిశీలనపై ఒక కేస్ స్టడీ

2006 మార్చి 3న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీ చేసిన 86వ నంబరు జీవో హైదరాబాద్ రూపాన్నే మార్చివేసింది. ఒక స్థలంలో మొత్తం ఎంత విస్తీర్ణం కట్టవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని ఆ నిబంధనలు తొలగించాయి. స్థలం ముందు ఎంత వెడల్పు రోడ్డు ఉంది, భవనం చుట్టూ ఎంత ఖాళీ వదులుతున్నారు అనే రెండు లెక్కలను బట్టి ఎత్తును నిర్ణయించే పద్ధతి వచ్చింది. 2012 ఏప్రిల్‌లో వెలువడిన 168వ నంబరు జీవో ఇదే పద్ధతిని రాష్ట్రవ్యాప్త నిర్మాణ నిబంధనల్లో స్థిరపరచింది. తెలంగాణ ఏర్పడిన తరువాత అధికారంలోకి వచ్చిన రెండు పార్టీల ప్రభుత్వాలూ ఈ సూత్రం మీదనే అనుమతులు ఇస్తూ వచ్చాయి. అందువల్ల దీనిని ఒక పార్టీ తప్పొప్పుల పట్టికగా చదవవలసిన అవసరం లేదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ఒక పాలనా విధానంగా పరిశీలించవచ్చు.

ప్రణాళికా పత్రాలను ప్రజాప్రతినిధులకూ నివాసుల సంఘాలకూ చదివి వివరించడం పట్టణ ప్రణాళిక రంగంలో నా పనిలో ఒక భాగం. ఆ పనిలో పదే పదే ఎదురైన ప్రశ్న ఒక్కటే: ఒక పరీవాహక ప్రాంతంలో ఎన్ని ఇళ్లకు అనుమతి ఇచ్చారు, అక్కడి నీటి గొట్టాలు, మురుగు లైన్లు, నాలాలు, కూడళ్లు ఎన్ని ఇళ్లను మోయగలవు అనే రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత ఎన్నికైన ఏ సభకు ఉంది? హైదరాబాద్‌లో రాజకీయ పరిశీలనకు కొరతేమీ లేదు. శాసనసభలో, వీధుల్లో, న్యాయస్థానాల్లో అది పుష్కలంగానే జరుగుతోంది. కానీ అది ఒక వేలం ధర దగ్గరో, ఒక లీజు దగ్గరో, కూల్చిన ఒక గోడ దగ్గరో ఆగిపోతోంది. ఆ రెండు అంకెలూ ఒకే బల్ల మీదకు రాకపోవడమే దీనికి మూలకారణమని నా అభిప్రాయం. కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ, మణికొండ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ అభిప్రాయానికి ఆధారాలను ఇక్కడ చూపుతాను.

నియమం దేనిని కొలుస్తుంది

168వ జీవోలోని ఎత్తైన భవనాల పట్టికను చదివితే విషయం స్పష్టమవుతుంది. 12 మీటర్ల రోడ్డు మీద 24 మీటర్ల ఎత్తు వరకు, 18 మీటర్ల రోడ్డు మీద 30 మీటర్ల వరకు, 24 మీటర్ల రోడ్డు మీద 45 మీటర్ల వరకు కట్టవచ్చు. రోడ్డు 30 మీటర్లు ఉంటే నిబంధనల పరంగా ఎత్తుకు ఇక పైకప్పు లేదు. 55 మీటర్లు దాటాక ప్రతి 5 మీటర్ల ఎత్తుకు అర మీటరు చొప్పున సెట్‌బ్యాక్, అంటే భవనం చుట్టూ వదిలే ఖాళీ, పెంచుకుంటూ పోవాలి. విమానాశ్రయ ప్రాధికార సంస్థ, అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రాలు (ఎన్‌ఓసీలు) మిగిలిన హద్దులు. పోల్చి చూడాలంటే, తమిళనాడు 2019 నాటి ఏకీకృత నిబంధనల్లో సాధారణ భవనాలకు ఎఫ్‌ఎస్‌ఐ 2గానూ (అంటే స్థల విస్తీర్ణానికి రెట్టింపు కట్టడం), ఎత్తైన భవనాలకు 3.25గానూ నిర్ణయించింది.

ఎఫ్‌ఎస్‌ఐ తొలగింపు దానంతట అదే తప్పని నేను అనుకోను. ఉద్యోగాలు పెరుగుతున్న నగరంలో ఇళ్ల సరఫరాను కృత్రిమంగా బిగించి పెడితే అద్దెలు పెరుగుతాయి, పేదలు దూరంగా జరుగుతారు. ముంబయి ఆ పాఠాన్ని చాలా ఏళ్లుగా నేర్పుతూనే ఉంది. ఐటీ ఉద్యోగాలకు వచ్చిన మధ్యతరగతి కుటుంబం హైదరాబాద్‌లో కాస్త విశాలమైన ఇల్లు కొనుక్కోగలిగిందంటే, ఆ ఘనతలో ఈ నియమానికీ వాటా ఉంది. ఇబ్బంది మరొక చోట ఉంది. ఈ నియమం స్థలం ముందున్న రోడ్డు వెడల్పును కొలుస్తుంది కానీ ఆ రోడ్డు అర కిలోమీటరు అవతల ఏ కూడలిలో కలుస్తుందో, అక్కడ ఎన్ని వాహనాలు పడతాయో కొలవదు. భవనం కింది మురుగు గొట్టాన్ని చూస్తుంది కానీ ఆ గొట్టం చేరే ప్రధాన మురుగు మార్గం, అంటే ట్రంక్ లైను, సామర్థ్యాన్ని అడగదు. ఎఫ్‌ఎస్‌ఐ ఎంత మొరటు పనిముట్టయినా, ఒక ప్రాంతంలో గరిష్ఠంగా ఎంత జనాభా రావచ్చో ముందుగా అంచనా వేసే వీలు కల్పించేది. దానిని తీసివేసినప్పుడు ఆ అంచనాకు ప్రత్యామ్నాయం ఏర్పాటు చేసి ఉండవలసింది.

ఒక లెక్క చూద్దాం. 1,000 ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటుకు నలుగురు చొప్పున 4,000 మంది ఉంటారనుకుంటే, మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణం ప్రకారం 5.4 లక్షల లీటర్ల నీరు కావాలి. అందులో 80 శాతం మురుగునీరుగా బయటికి వస్తుందన్నది ఇంజినీర్లు సాధారణంగా వాడే అంచనా. అంటే రోజుకు 4.32 లక్షల లీటర్లు. ఇటువంటి సముదాయాలు ఒకే వాలులో, అంటే ఒకే పరీవాహక ప్రాంతంలో, ఇరవై వస్తే రోజుకు 86 లక్షల లీటర్లు దాటుతుంది. పెద్ద సముదాయాలు సొంత మురుగునీటి శుద్ధి కేంద్రం (ఎస్‌టీపీ) పెట్టుకోవాలన్న నిబంధన ఉంది, చాలావరకు పెట్టుకుంటున్నాయి కూడా. కానీ శుద్ధి చేసిన నీటిని మొక్కలకు, ఫ్లష్‌లకు వాడుకున్న తరువాత మిగిలినది ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు చాలా చోట్ల ట్యాంకరు లేదా సమీపంలోని వాన నీటి కాలువ సమాధానమవుతోంది. ఒక్కో అనుమతి ఫైలు విడివిడిగా చూస్తే నిబంధనలకు లోబడే ఉంటుంది, ఇరవై ఫైళ్ల మొత్తాన్ని చూసే ఫైలు మాత్రం ఏ కార్యాలయంలోనూ తయారు కాదు.

ఇంపాక్ట్ ఫీజు

2006లో ఈ నియమం రాసినవారు ఈ ప్రమాదాన్ని ఊహించలేదని చెప్పడం అన్యాయం. 15 మీటర్లు దాటిన ఎత్తులో కట్టే విస్తీర్ణానికి నగరస్థాయి మౌలిక సదుపాయాల ప్రభావ రుసుము, అందరి నోటా ఇంపాక్ట్ ఫీజు, అప్పుడే పెట్టారు. ఆ సొమ్మును నిర్ణీత పనులకే వాడే ప్రత్యేక ఎస్క్రో ఖాతాలో ఉంచాలని, సగం అదే ప్రాంతంలోని సదుపాయాలకూ మిగిలిన సగం నగరస్థాయి పనులకూ వెచ్చించాలని, ఇందుకోసం సదుపాయాల ప్రణాళికను, దాని అమలు కార్యాచరణను సిద్ధం చేయాలని నిబంధనల్లో ఉంది. నా దృష్టిలో మొత్తం వ్యవస్థలో ఇది అత్యంత విలువైన వాక్యం. ఎత్తుకు స్వేచ్ఛ ఇచ్చినందుకు ప్రతిఫలంగా నగరం అడిగిన హామీ ఇదొక్కటే.

ఈ హామీని తనిఖీ చేయగల సాధనం ఏమిటో ఆలోచించండి. నేను పనిచేసిన ఒక నివాసుల సంఘం తమ ప్రాంతంలో ఎంత ఇంపాక్ట్ ఫీజు వసూలైందో, అందులో ఎంత అక్కడే ఖర్చయిందో చెప్పమని సంబంధిత కార్యాలయాన్ని సమాచార హక్కు చట్టం కింద అడిగింది. వచ్చిన సమాధానంలో అన్ని రుసుములూ కలిపిన మొత్తం ఉంది, ప్రాంతాల వారీ విభజన లేదు. గుమాస్తా నిర్లక్ష్యం అని దీనిని కొట్టివేయడం తేలిక. కానీ వసూలును అనుమతి విభాగం, ఖర్చును ఇంజినీరింగ్ విభాగం నమోదు చేస్తున్నప్పుడు, రెండింటినీ భౌగోళికంగా కలిపే పద్దు లేనప్పుడు, ఎంత నిజాయతీపరుడైన అధికారి అయినా ఆ సమాధానం ఇవ్వలేడు. ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థలు డెవలపర్ల నుంచి వసూలు చేసిన సొమ్మెంత, దేనికి ఎంత ఖర్చు చేశాయి, దేనికి చేయబోతున్నాయి అనే వార్షిక ప్రకటనను ప్రతి డిసెంబరు 31లోపు ప్రచురించాలని 2019లో నిబంధన తెచ్చారు. ఇటువంటి ప్రకటనను ఇక్కడ అమలు చేయడానికి కొత్త సాంకేతికతేమీ అక్కరలేదు. 2020 చట్టంతో అనుమతులన్నీ టీఎస్‌–బీపాస్ అనే అనుమతుల పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోకి వచ్చాయి కనుక, ఏ సర్వే నంబరులో ఎన్ని అంతస్తులకు ఎంత రుసుము కట్టారన్న సమాచారం ప్రభుత్వం దగ్గర ఉన్నదే.

ఈలోగా ప్రధాన రహదారుల పనులకు నగరం అప్పు చేయవలసి వచ్చింది. వంతెనలు, అండర్‌పాస్‌ల కార్యక్రమానికి హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) 2018, 2019లో మూడు విడతల బాండ్ల ద్వారా 495 కోట్ల రూపాయలు సేకరించింది. అప్పు చేయడంలో దోషం లేదు, నగరాలు అలాగే పెరుగుతాయి. ఎత్తైన భవనాల నుంచి రావలసిన వాటా ఎంత, అప్పు భారం ఎంత అన్న పోలిక పాలకమండలి ముందు ఉంటే ఆ చర్చకు అర్థం ఉండేది.

ఎవరి ముందు ఏ కాగితం

దాదాపు 170 చదరపు కిలోమీటర్ల పాత మున్సిపల్ కార్పొరేషన్‌లో 12 పురపాలికలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి 2007 ఏప్రిల్‌లో 625 చదరపు కిలోమీటర్ల జీహెచ్‌ఎంసీని ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాది చట్టం ద్వారా ఏర్పడిన హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధి 7,000 చదరపు కిలోమీటర్లు దాటింది, దానికి ముఖ్యమంత్రి అధ్యక్షుడు. 2013 జనవరిలో నోటిఫై అయిన 2031 విస్తరిత మాస్టర్ ప్లాన్ 5,965 చదరపు కిలోమీటర్లకు వర్తిస్తుంది. నీరు, మురుగు జలమండలి చేతిలో ఉన్నాయి. మెట్రోకు, పారిశ్రామిక భూములకు వేరే సంస్థలు ఉన్నాయి.

ఈ కూర్పులో కోకాపేట స్థానం విచిత్రమైనది. 2018లో ఏర్పడిన నార్సింగి పురపాలక సంఘంలో అది ఒక భాగంగా ఉండేది. 2020 జనవరిలో అక్కడ మొదటి పాలకమండలి ఎన్నికైంది. హెచ్‌ఎండీఏ అక్కడ అభివృద్ధి చేసిన నియోపోలిస్ లేఅవుట్‌లో 2021 జులైలో జరిగిన వేలంలో దాదాపు 50 ఎకరాలకు 2,000 కోట్ల రూపాయలు వచ్చాయి. 2023 ఆగస్టులో 45.33 ఎకరాలకు 3,319.60 కోట్లు పలికాయి, ఒక ప్లాటులో ఎకరా 100.75 కోట్లకు చేరింది. 2025 నవంబరు నాటికి ఎకరా ధర 151.25 కోట్లను తాకింది. ఎకరాకు అంత చెల్లించిన డెవలపర్ ఆ ధరను రాబట్టుకోవాలంటే యాభై అంతస్తుల వైపు వెళ్లక తప్పదు. కాబట్టి వేలం ధర ఖరారైన రోజే ఆ ప్రాంత జన సాంద్రత కూడా చాలావరకు ఖరారైపోతుంది. ఆ నిర్ణయంలో స్థానిక పాలకమండలికి ఎటువంటి పాత్రా లేదు. పైగా 2025 జనవరిలో పురపాలికల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చినందున, ఆ ఏడాది నవంబరు వేలం నాటికి, డిసెంబరులో శివారు పురపాలికలు 27 జీహెచ్‌ఎంసీలో విలీనమైన నాటికి, నార్సింగికి ఎన్నికైన సభే లేదు.

మాస్టర్ ప్లాన్ రాసేది, భూ వినియోగ మార్పిడికి సిఫారసు చేసేది, ఎత్తైన భవనాలకు అనుమతి ఇచ్చేది, భూమిని అమ్మేది ఒకే సంస్థ అయినప్పుడు, ఆ సంస్థ ఎంత సమర్థంగా పనిచేసినా, సాంద్రత పెరిగితే దానికే ఆదాయం పెరుగుతుంది. లేఅవుట్ లోపల వెడల్పైన రోడ్లు, భూగర్భ కేబుళ్లు, ఔటర్ రింగు రోడ్డుకు ప్రత్యేక ఇంటర్‌చేంజ్ ఏర్పాటు చేసిన మాట వాస్తవం, ఆ పనితనాన్ని నేను గౌరవిస్తాను. లేఅవుట్ గేటు దాటిన తరువాత నార్సింగి కూడలి మీద, మూసీ వైపు వెళ్లే కాలువల మీద పడే భారాన్ని లెక్కించే బాధ్యత మరెవరిదో అయింది.

పరిశీలన జరిగిన తీరు

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు నగరం వారం రోజులకు పైగా అల్లాడింది. ఘట్‌కేసర్ పరిసరాల్లో 30 సెంటీమీటర్లకు పైగా వర్షపాతం నమోదైంది. చెరువులకు గండ్లు పడ్డాయి, టోలీచౌకీ నదీమ్ కాలనీలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఏడు వారాలకే, డిసెంబరు 1న, జీహెచ్‌ఎంసీ ఎన్నికలు జరిగాయి. 2016లో 99 డివిజన్లు గెలిచిన టీఆర్‌ఎస్ 56కు తగ్గింది, బీజేపీ 4 నుంచి 48కి పెరిగింది. ప్రజలు తమ ఆగ్రహాన్ని ఓటుతో చెప్పారనడంలో సందేహం లేదు. కానీ ఆ ప్రచారంలో చర్చ ఎక్కువగా 10,000 రూపాయల వరద సాయం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నదాని చుట్టూ తిరిగింది. 2000 ఆగస్టు వరదల తరువాత కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ 2003లో ఇచ్చిన నాలాల నివేదికలో ఏయే పనులు పదిహేడేళ్లుగా మిగిలిపోయాయి, ఆ నాలాల ఎగువన ఈ మధ్యకాలంలో ఎన్ని అనుమతులు ఇచ్చారు అన్న ప్రశ్నలు వెనక్కి పోయాయి. తరువాత మొదలైన నాలాల అభివృద్ధి కార్యక్రమం, రోజుకు 1,259 మిలియన్ లీటర్ల (ఎంఎల్‌డీ) సామర్థ్యంతో 3,866 కోట్ల అంచనాతో చేపట్టిన 31 ఎస్‌టీపీలు నిజంగా అవసరమైన పనులే. అవి ఇప్పటికే ఉన్న లోటును పూడ్చడానికి వచ్చాయి, రాబోయే అనుమతులకు హద్దు గీయడానికి రాలేదు.

111వ జీవో కథ ఇంకా ఎక్కువ నేర్పుతుంది. 1996 మార్చి 8న వెలువడిన ఆ ఉత్తర్వు గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో, దాదాపు 1.32 లక్షల ఎకరాల్లో, నిర్మాణాలను కట్టడి చేసింది. సుప్రీంకోర్టు 2000లో ఒక నూనె పరిశ్రమ కేసులో ఆ రక్షణ వైపే నిలిచింది. 2022 ఏప్రిల్ 12న 69వ నంబరు జీవో ఆ ఆంక్షలను ఎత్తివేస్తున్నట్లు చెప్పింది, 2023 మేలో మంత్రివర్గం పూర్తి రద్దుకు నిర్ణయం తీసుకుంది. 1996లో నగర నీటి సరఫరాలో ఈ జలాశయాల వాటా 27.59 శాతం ఉండగా, కృష్ణా, గోదావరి జలాలు వచ్చాక అది 1.25 శాతం కన్నా తక్కువకు పడిపోయిందన్నది 69వ జీవో చూపిన ప్రధాన కారణం. ఆ అంకెలను నేను ప్రశ్నించడం లేదు. 84 గ్రామాల రైతులు తమ పొలాల విలువ పక్క ఊరి విలువలో నాలుగో వంతు కూడా లేదని పాతికేళ్లుగా చెప్పుకున్న బాధ కూడా అన్యాయమైనది కాదు. కానీ ఈ రెండు జలాశయాలు పుట్టింది 1908 సెప్టెంబరు మూసీ వరదల నుంచి. వేలమందిని బలిగొన్న ఆ ప్రళయం తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై, నగరాన్ని వరద నుంచి కాపాడటానికే, 1920లో గండిపేటను, 1927లో హిమాయత్‌సాగర్‌ను పూర్తి చేశారు. తాగునీరు వాటి రెండో ప్రయోజనం. ఉత్తర్వులో ప్రశ్నను తాగునీటికి కుదించినందువల్ల శాసనసభలోనూ బయటా చర్చ తాగునీటి శాతం మీదే నడిచింది. ఎగువన 84 గ్రామాల్లో నేల కాంక్రీటు అయితే జలాశయాల్లోకి వరద ఎంత వేగంగా చేరుతుంది, గేట్లు ఎత్తడానికి ఎంత వ్యవధి మిగులుతుంది అన్న ప్రశ్న ఎజెండాలోకి రాలేదు.

2025 సెప్టెంబరు చివరలో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి, ప్రయాణికులు చిక్కుకున్నారు. గండిపేట నుంచి భారీగా నీరు వదిలినప్పుడు నార్సింగి–మంచిరేవుల మధ్య రాకపోకలు ఆగుతాయి. యాభై అంతస్తుల కోకాపేట ఆ దారికి కూతవేటు దూరంలో ఉంది. రెండు వేర్వేరు జీవోలుగా, రెండు వేర్వేరు వివాదాలుగా నడిచిన విషయాలు నేల మీద ఒకే నదికి సంబంధించినవి.

2024 జులైలో ఏర్పడిన హైడ్రా విషయంలో ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. చెరువుల పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్), దాని చుట్టూ ఖాళీగా ఉంచవలసిన బఫర్ పరిధులను కాపాడే సంస్థ ఉండటం అవసరమే. కానీ రిజిస్ట్రేషన్, లేఅవుట్ అనుమతి, నిర్మాణ అనుమతి, బ్యాంకు రుణం అన్నీ పూర్తయి కుటుంబం గృహప్రవేశం చేశాక జరిగే పరిశీలన ఖర్చు మొత్తాన్ని ఆ కుటుంబమే మోస్తుంది. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల విషయంలోనూ 2025 ఏప్రిల్‌లో చెట్ల నరికివేతను ఆపవలసింది సుప్రీంకోర్టే అయింది.

మార్గం చట్టంలోనే ఉంది

74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 243జడ్‌ఈ అధికరణం పది లక్షల జనాభా దాటిన ప్రతి మహానగర ప్రాంతానికీ ఒక ప్రణాళికా కమిటీ ఉండాలంటుంది. అందులో మూడింట రెండొంతులకు తగ్గకుండా సభ్యులను పురపాలికల ఎన్నికైన సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోనుంచే ఎన్నుకోవాలి. నీటి పంపకం, సమన్వయంతో కూడిన ప్రాదేశిక ప్రణాళిక, మౌలిక సదుపాయాల సమగ్రాభివృద్ధి, పర్యావరణ పరిరక్షణను ఆ కమిటీ కలిపి చూడాలి. నేను పైన చెప్పిన రెండు అంకెలూ ఒకే బల్ల మీదకు రావలసిన స్థలం ఇదే. ఉమ్మడి రాష్ట్రం ఇందుకోసం 2007లో చట్టం కూడా చేసింది. అయినా మాస్టర్ ప్లాన్ నిర్ణయాలు హెచ్‌ఎండీఏ, సచివాలయం దారిలోనే సాగాయి.

ఆ కమిటీ నిండుగా పనిచేసే వరకు ఆగనక్కరలేని పని ఒకటి ఉంది. నేను కొందరు ప్రజాప్రతినిధులకు తయారు చేసి ఇచ్చే పత్రం ఒకే పేజీ. అందులో డివిజన్ హద్దుల బదులు వాన నీటి వాలు హద్దులు ఉంటాయి, ఎందుకంటే నీళ్లు డివిజన్ చూసి పారవు. ఒక్కో వాలుకు గత అయిదేళ్లలో అనుమతించిన ఫ్లాట్లు, వాటి నుంచి రాగల నీరు, మురుగు, అక్కడి ట్రంక్ లైను, ఎస్‌టీపీల సామర్థ్యం, వసూలైన ఇంపాక్ట్ ఫీజు, అదే వాలులో చేసిన ఖర్చు, వరుసగా రాస్తాను. మొదటి మూడు గడులు ప్రజలకు అందుబాటులో ఉన్న అనుమతి వివరాల నుంచి కష్టపడితే నిండుతాయి. చివరి మూడు నిండాలంటే కార్పొరేటర్ సభలో, శాసనసభ్యుడు పురపాలక పద్దు చర్చలో అడగాలి. అటువంటి ప్రశ్నకు ఉత్తరంగా వచ్చే అంకె సభ రికార్డులోకి చేరుతుంది, మరుసటి ఏడాది దానితో పోల్చవచ్చు.

ఇప్పుడు హెచ్‌ఎండీఏ 2050 మాస్టర్ ప్లాన్ తయారీలో ఉంది. దాని ముసాయిదా అభ్యంతరాలకు వచ్చినప్పుడు నివాసుల సంఘాలు తమ వీధి జోన్ రంగు మీద ఒక్కదాని మీదే దరఖాస్తులు పెట్టకుండా, ప్రతి వాలుకు అనుమతించబోయే గరిష్ఠ జనాభాను, అక్కడి నాలా, ట్రంక్ లైను సామర్థ్యాలను అనుబంధ పట్టికగా ప్రచురించాలని రాతపూర్వకంగా కోరాలి. ఆ పట్టిక లేని ముసాయిదాను అసంపూర్ణమైనదిగా పరిగణించి వెనక్కి పంపాలని తమ ప్రజాప్రతినిధులతో సభలో తీర్మానం పెట్టించాలి.